కొమ్మ దగ్గర ఆగిన కరుణ
(దారిపక్క పూలు – తెలుగు కవిత్వం – మన బాధ్యత)

పువ్వు ప్రస్తావన లేని తెలుగు కావ్యం కోసం వెతకడం వృథాప్రయాస. ప్రబంధానికి విధించిన అష్టాదశ వర్ణనల్లో ఉద్యాన విహారం ఒకటి. ఆధునిక కవిత్వం ప్రబంధ మార్గాన్ని విడిచినా పువ్వును విడిచిపెట్టలేదు. ఇంత పూలసంపద ఉన్న సాహిత్యాన్ని చదువుకున్న విద్యార్థి ఊరిబయట రోడ్డుపక్కన పసుపుపచ్చగా పూసిన మొక్కను చూసి, అది తంగేడో, తగిరిసో, కసివిందో చెప్పగలడా? చెప్పలేకపోతే ఆ లోపం ఎక్కడున్నది?

ఈ వ్యాసంలో రెండు విషయాలు పరిశీలిద్దాం. దారిపక్కన తమంత తామే మొలిచి పూసే మొక్కలను మన కవిత్వం ఎంతవరకు గుర్తుపట్టింది అన్నది మొదటిది. వాటిని కోయడం, పెరకడం, తవ్వి తీసుకుపోవడం గురించి ఆ కవిత్వం మనకు నేర్పిన నీతి ఎంతవరకు సరిపోతుంది అన్నది రెండవది. పైకి ఒకటి వృక్షశాస్త్రానికీ, మరొకటి ధర్మశాస్త్రానికీ చెందినట్లు కనిపించినా ఇవి విడివిడి ప్రశ్నలు కావు. మొక్క ఏదో తెలియనివాడు దానిని పెరకడం తప్పో ఒప్పో తేల్చలేడు.

పేర్లున్నాయి, మొక్కలు లేవు

పోతన భాగవతం దశమస్కంధంలో గోపికలు కృష్ణుని వెదుకుతూ చెట్టుచెట్టునూ అడిగే ఘట్టం తెలుగువారందరికీ పరిచితం. ఆ పద్యాల మాధుర్యాన్ని శంకించేవారు ఉండరు. కానీ అక్కడికి ఆయా చెట్లు ఎందుకు వచ్చాయి? పున్నాగ, తిలకం, చందనం, కుందం అన్న పేర్లు వెంటనే వచ్చే కృష్ణ విశేషణాలతో అక్షరసామ్యం కుదిరినందువల్ల వచ్చాయి. చెట్టు పేరు శబ్దాలంకారానికి ఆధారమైనది. బృందావనంలో ఏవి పెరుగుతాయన్న విచారణ అక్కడ అప్రస్తుతం. భక్తి పారవశ్యంలో ప్రపంచమంతా ఒక్క పేరునే ప్రతిధ్వనిస్తున్నదని చెప్పడం కవి లక్ష్యం కనుక దీనిని దోషంగా ఎంచనవసరం లేదు.

దోషం తరువాతి వారిది. ఒక మహాకవి ఒక ప్రయోజనం కోసం చేసిన పనిని మనం సర్వసామాన్య పద్ధతిగా స్వీకరించాం. నిఘంటువులు కూడా ఇందుకు తోడ్పడ్డాయి. ‘వృక్షవిశేషము’, ‘లతావిశేషము’, ‘ఒకానొక పుష్పము’ అన్న నిర్వచనాలు చూసిన విద్యార్థికి అది చెట్టని తెలుస్తుంది గాని ఏ చెట్టో తెలియదు. పద్యానికి టీక రాసేవారు ఆ మాటనే ఎత్తి రాస్తారు. పరీక్షలో విద్యార్థి మళ్లీ అదే రాస్తాడు. మూడు తరాల తరువాత మాట మిగులుతుంది, మొక్క జారిపోతుంది. ఈ విషయంలో 1852 నాటి బ్రౌన్ నిఘంటువు కొంత మెరుగు. చాలా మొక్కలకు ఆయన శాస్త్రనామం కూడా చేర్చాడు.

ఆముక్తమాల్యద చూపిన దారి

మన ప్రాచీన కవిత్వమంతా ఇట్లాగే ఉన్నదనడం అన్యాయం. శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలో వర్షర్తు వర్ణన చూడండి. జడివానలో పొలానికి పోలేని రెడ్లు ఇంట తిన్న కూరను కవి చెప్పిన తీరు గమనార్హం. గురుగు, చెంచలి, తుమ్మి, లేత తగిరిసాకు – ఇవన్నీ చింతచిగురుతో కలిసి వండిన కూర, దానికి తోడు ఆరికల అన్నం. ఈ నాలుగు మొక్కలూ ఎవరూ విత్తనివి. చేనిగట్టున, దారిపక్కన తొలకరికి మొలుస్తాయి. వీటిలో ఒక్కటీ ఉద్యానవనంలోది కాదు, ఒక్కటీ ప్రాస కోసం దూరం నుంచి తెచ్చినట్లు లేదు. రాజై ఉండి కలుపుమొక్కల పేర్లు తెలిసిన కవి ఆయన.

గురుగు అంటే గునుగే. తెలంగాణలో బతుకమ్మకు పేర్చే వెండిరంగు, గులాబిరంగు కంకిపూలు దానివే. తమిళనాట పణ్ణైక్కీరై అని వండుకునేది ఈ ఆకునే. తుమ్మిని తమిళులు తుంబై అంటారు, కన్నడిగులు తుంబె అంటారు. నలుపలకల కాడ, కణుపు చుట్టూ గుత్తిగా తెల్లని చిన్నపూలు ఉంటే అది తుమ్మి. శ్రీవిల్లిపుత్తూరు కథను తెలుగులో చెప్పిన ఈ కావ్యం తమిళనాట, కన్నడనాట తెలుగు చదివే మన విద్యార్థులకు రెండు విధాల సొంతమైనది. అందులోని మొక్కలు ఇప్పటికీ వారి ఊరి దారిపక్కనే ఉన్నాయి. పద్యాన్ని పాఠంగా చెప్పే రోజున ఆ నాలుగు మొక్కలను చూపిస్తే టీకాతాత్పర్యాల అవసరం సగం తగ్గుతుంది.

అయితే చూపించేవారికి గుర్తింపు తెలియాలి. తగిరిసనే తీసుకుందాం. దాని పువ్వు పసుపు; కసివింద పువ్వూ పసుపే, తంగేడు పువ్వూ పసుపే. మూడూ ఒకే రోడ్డు పక్కన పూస్తాయి. పువ్వును మాత్రమే చూసేవారికి మూడూ ఒకటే. తగిరిసకు సాధారణంగా మూడు జతల ఆకులు, కొనలు గుండ్రం, కాయ సన్నగా పొడుగ్గా కొడవలి వంపుతో ఉంటుంది. కసివిందకు నాలుగైదు జతలు, కొనలు సూది, నలిపితే దుర్వాసన. తంగేడు పొద, చిన్న ఆకులు ఎన్నో జతలు, ఈనె మొదట చెవి ఆకారంలో చిన్న రెక్కలు, కాయ పలచగా బిళ్లలాగా ఉంటుంది. ఈ తేడా పండితుల చర్చ కోసం కాదు. లేత తగిరిసాకు కూరకు పనికివస్తుంది. కసివింద గింజలు తిన్న పసిపిల్లలు మరణించిన ఉదంతాలు పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో నమోదయ్యాయి. ‘పుష్పవిశేషము’ అన్న నిర్వచనం ఇటువంటి చోట ప్రమాదకరం కూడా.

పుష్పవిలాపం – ఒక పరిశీలన

ఇక రెండవ ప్రశ్న. పువ్వు పట్ల మనిషి ప్రవర్తనను తెలుగులో కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ ప్రశ్నించినంత సూటిగా మరొక కవిత ప్రశ్నించలేదు. జంధ్యాల పాపయ్య శాస్త్రి (1912–1992) రచించిన ఈ ఖండిక ఘంటసాల గళంలో ఊరూరా వినిపించింది. పూజకు పూలు కోయబోయిన కవి కొమ్మ వంచి గోరు ఆనించబోతాడు. పూలు నోరు విప్పి తమ కష్టం చెప్పుకుంటాయి. దారాలకూ సూదులకూ తాము బలి అయ్యే తీరును వివరించి నిందిస్తాయి. కవి ఉత్త చేతులతో వెనుదిరుగుతాడు. బుద్ధుని జీవితాన్ని కావ్యంగా రాసిన కవికి ఈ వస్తువు సహజమైనది. పూజ కోసమైనా సరే ప్రాణాన్ని అడగవద్దనడం, పూజాపుష్పాన్ని సంప్రదాయంగా గౌరవించే సమాజంలో సాహసమే.

ఆ గొప్పతనాన్ని అంగీకరిస్తూనే ఖండికకున్న పరిమితిని గుర్తించాలి. కవి నిలిచిన మొక్క ఏ మొక్కో ఖండిక చెప్పదు. అది ఒక పూలమొక్క, అంతే. పువ్వుకు ఆడపిల్ల స్వభావం, కొమ్మకు తల్లి స్వభావం ఆరోపించడం వల్ల దుఃఖమంతా బిడ్డను తల్లి నుంచి విడదీయడంలో కేంద్రీకృతమైనది. తల్లి కిందికి చూపు దిగలేదు. వేరు, నేల, విత్తనం, పక్కనున్న సాటి మొక్కలు ఆ కరుణ పరిధిలోకి రాలేదు. గాలికీ తుమ్మెదకూ తాము చేసే ఉపకారాన్ని పూలు చెప్పుకుంటాయి. అక్కడ కవి ఒక విశాలమైన దృష్టికి చేరువగా వచ్చాడు. కాని ఖండిక మళ్లీ పువ్వు దగ్గరకే, సుకుమార సౌందర్యం దగ్గరకే తిరిగివస్తుంది.

దీని ఫలితం ఏమిటి? పుష్పవిలాపం కంఠస్థం చేసిన పాఠకుడు మల్లెమొగ్గ తుంచడానికి సంకోచిస్తాడు. రోజూ కోస్తున్న మల్లె మళ్లీ పూస్తూనే ఉంటుందన్న సంగతి ఆ సంకోచంలో లేదు. అదే పాఠకుడు ఊరిబయట గుట్ట దగ్గర అందమైన అడవితీగ కనిపిస్తే దుంపతో సహా తవ్వి కుండీలో పెట్టుకోవడానికి సంకోచించడు. పైగా కోయలేదు, పెంచుకుంటున్నాను అనుకుంటాడు. ఆ తీగ కుండీలో బతకకపోవచ్చు. బతికినా గుట్ట దగ్గర దాని విత్తనం ఇక రాలదు. ఏది ఎక్కువ హింస? కరుణ కొమ్మ దగ్గర ఆగిపోతే వేరు దిక్కులేనిదవుతుంది.

బౌద్ధ సాహిత్యంలోనే దీనికి ప్రత్యామ్నాయం ఉన్నది. ధమ్మపదంలోని పుష్పవర్గం, ముని గ్రామంలో భిక్షకు తిరిగే తీరును పువ్వు రంగుకూ వాసనకూ హాని చేయకుండా తేనె తీసుకుపోయే తేనెటీగతో పోల్చింది. ఆ పోలికలో నిషేధం లేదు. తీసుకునే పద్ధతి మీద, పరిమితి మీద దృష్టి ఉన్నది.

ఆచారంలో ఉన్న వివేకం

కవిత్వం గమనించని తేడాను మన ఆచారాలు కొన్ని గమనించాయి. బతుకమ్మకు వేలాది మంది గంపలకొద్దీ పూలు కోస్తారు. పుష్పవిలాపం దృష్టితో చూస్తే అది ఘోరం. కాని ఆ పూలు ఏవి? తంగేడు పొద, కొమ్మ విరిచినా మళ్లీ చిగురిస్తుంది. గునుగు ఏడాది మొక్క. కంకి అడుగునుంచి పైకి పూస్తూ పోతుంది గనుక పైభాగం పువ్వుగా ఉండగానే కింది భాగంలో గింజ ముదురుతుంది. కాడ వరకే కోస్తారు, వేరు జోలికి పోరు. సమృద్ధిగా ఉన్నదానిని, మళ్లీ వచ్చేదానిని, కావలసినంత మేరకు తీసుకోవడం ఇందులోని పద్ధతి. ఇక్కడ పువ్వుకు కలిగే అసలు ముప్పు పండుగ వల్ల కాదు. కలుపుమందుల వల్ల, చెరువుగట్లూ డొంకదారులూ మాయం కావడం వల్ల. 2014లో తెలంగాణ తంగేడును రాష్ట్రపుష్పంగా ప్రకటించింది. షోలాపురం వంటి చోట్ల స్థిరపడిన మనవారు బతుకమ్మను వదలలేదు, కాని గునుగు దొరకని చోట బంతీ చామంతీ పేర్చుకుంటున్నారు. పండుగ నిలిచింది, పువ్వు మారింది.

వినాయక చవితి పత్రి ఇందుకు భిన్నమైన ఉదాహరణ. ఏకవింశతి పత్రపూజలో ఉత్తరేణి, ఉమ్మెత్త, జిల్లేడు, వావిలి, విష్ణుక్రాంత వంటి దారిపక్క మొక్కలు చాలా ఉన్నాయి. పూజకు కావలసింది ఆకు. పిల్లలు ఊరంతా తిరిగి ఆకులు కోసుకొచ్చే రోజుల్లో అది మొక్కలను గుర్తుపట్టడం నేర్పే ఏడాది పాఠం. బజారులో కట్టలు కొనే నేటి రోజుల్లో వేళ్లతో పెరికిన మొక్కలే వస్తున్నాయి. ఉత్తరేణికి దానివల్ల లోటు లేదు. దాని గింజలు మన బట్టలకే అంటుకుని ఊరంతా పాకుతాయి. విష్ణుక్రాంత అట్లా కాదు. నేలను అంటుకుని నీలిపూలు పూసే ఈ చిన్న మొక్కకు లోతైన, గట్టి వేరు ఉంటుంది. ఏళ్లతరబడి బతికే ఆ వేరును లాగితే మొక్కే పోయినట్లు. ఒకే పూజ, ఒకే కట్ట, రెండు మొక్కలకు రెండు రకాల ఫలితం. మొక్కను గుర్తుపట్టనిదే న్యాయం తేలదని ముందే చెప్పింది ఇందుకే.

పేరులో దాగిన వేరు

పేరు కేవలం గుర్తింపు చీటీ కాదనడానికి ఒక ఉదాహరణ చాలు. వానకాలంలో కంచెల మీద పాకి, ఆకుకొనల్నే తీగల్లా చుట్టి, పసుపు నుంచి ఎరుపుకు మారే అలల అంచు రేకులతో పూసే మొక్క ఒకటి ఉన్నది. తమిళనాడు రాష్ట్రపుష్పం అదే – సెంగాందళ్. 99 పూలను వరుసపెట్టిన సంగకాలపు కురింజిప్పాట్టులో ఆ జాబితా కాందళ్ తోనే మొదలవుతుంది. తెలుగులో దానికి అగ్నిశిఖ, కలప్పగడ్డ, అడవినాభి అన్న పేర్లున్నాయి. పువ్వును చూసినవారు అగ్నిశిఖ అన్నారు. దుంపను చూసినవారు కలప్పగడ్డ అన్నారు. తమిళంలో కలప్పై అంటే నాగలి, వంపు తిరిగిన దుంప నాగలిలాగే ఉంటుంది. సంస్కృతంలో లాంగలి అన్న పేరుకూ అర్థం అదే. దాని గుణం తెలిసినవారు అడవినాభి అన్నారు. నాభి అంటే విషం. మొక్క మొత్తం విషమే, దుంపలోనూ గింజలోనూ మరీ ఎక్కువ.

కావ్యభాషకు నచ్చేది ఈ మూడింటిలో మొదటిది. మిగిలిన రెండు పేర్లూ పోతే వేరు ఆకారమూ, హెచ్చరికా రెండూ పోతాయి. దీని నుంచి కాల్చిసిన్ అనే ఔషధం తీస్తారు. తమిళనాడులో ధారాపురం, ఒడ్డన్‌ఛత్రం ప్రాంతాల్లో గింజల కోసం దీనిని పంటగా వేస్తున్నారు. ఆ తోటలకు నాటు దుంపలు అడవి నుంచి, కంచెల నుంచి తవ్వి తెచ్చినవే. తమిళ పేరును తెలుగు నోట నిలుపుకున్న ‘కలప్పగడ్డ’ సరిహద్దు తెలుగువారి ఆస్తి. దాని పుట్టుక సులభంగా గ్రహించగలిగింది వారే.

మరొక పేరు మరింత దూరం ప్రయాణించింది. విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండు వైద్యుడు 1781 నుంచి 1793 వరకు సామర్లకోటలో ఉండి ఉత్తర సర్కారుల మొక్కలను పరిశీలించాడు. యానాం విద్యార్థులకు ఆ ఊరు పెద్ద దూరం కాదు. 1795 నుంచి 1820 వరకు మూడు సంపుటాలుగా వెలువడిన ఆయన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో తెలుగు పేర్లు నమోదైనాయి. బొమ్మలు గీసిన దేశీయ చిత్రకారుల పేర్లు మాత్రం మనకు దక్కలేదు. అందులో ‘కారల్లం’ అని నమోదైన ముళ్లులేని జెముడులాంటి మొక్క పేరును 1810లో రాబర్ట్ బ్రౌన్ ‘కారల్లూమా’ అన్న ప్రజాతినామంగా చేశాడు. అది అరబ్బీ మాట నుంచి వచ్చిందని రాసినవారు ఉన్నారు. రాక్స్‌బర్గ్ గ్రంథంలో తెలుగు పేరు స్పష్టంగా ఉన్నది. పశువుల కాపర్లు పచ్చిగా నమిలే ఈ మొక్కను తమిళులు కళ్ళిముళైయాన్ అంటారు. ఇటీవలి దశాబ్దాల్లో దీని సారం ఆకలి తగ్గించే మాత్రగా విదేశాలకు చేరింది. నాలుగు కాడలు విరుచుకు తిన్న కాపరి చేతికీ, బస్తాలకెత్తే వ్యాపారి చేతికీ తేడా ఉన్నది. ‘పెరటిచెట్టు మందుకు రాదు’ అంటారు. మందుకు వచ్చిన రోజున దారిపక్క చెట్టుకు దారిపక్కన చోటు ఉండదు.

పెరకవలసినవీ ఉన్నాయి

ఏ మొక్కనూ పెరకరాదన్నది ఈ వ్యాసం అభిప్రాయం కాదు. 1950ల్లో పుణె పరిసరాల్లో కనిపించి దేశమంతా వ్యాపించిన వయ్యారిభామ తెల్లని చిన్నపూలతో చూడముచ్చటగానే ఉంటుంది. అది చర్మవ్యాధులకు, ఉబ్బసానికి కారణం; పక్క మొక్కలను ఎదగనివ్వదు. దానిని పూతకు రాకముందే వేళ్లతో పెరకడమే మంచిది. పేరులోనే హెచ్చరిక ఉన్న బలురక్కసి మెక్సికో నుంచి వచ్చినది. దాని గింజల నూనె ఆవనూనెలో కలిసి 1998లో ఢిల్లీలో ఎందరినో బలిగొన్నది. మరి పుష్పవిలాపం దృష్టిలో వయ్యారిభామకూ విష్ణుక్రాంతకూ తేడా ఏది? రెండూ పూలే, రెండూ ఏడుస్తాయి. కన్నీటికి తేడా తెలియదు, పేరుకు తెలుస్తుంది.

చట్టం కొంతవరకే తోడ్పడుతుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1991లో చేర్చిన 17ఎ సెక్షన్, జాబితాలో పేర్కొన్న మొక్కలను కోయడాన్నీ పెరకడాన్నీ నిషేధించింది. ఆ జాబితా చాలా చిన్నది. కలప్పగడ్డనో కారల్లాన్నో రోడ్డుపక్కన తవ్వేవాడిని ఆపవలసింది అతని వివేకమే.

చదువు పేరుతో జరిగే తవ్వకాన్ని కూడా ప్రశ్నించాలి. హెర్బేరియం కోసం చిన్న మొక్కలను వేరుతో సహా సేకరించే పద్ధతి వృక్షశాస్త్రంలో ఉన్నది. పరిశోధనకు ఒక నమూనా అవసరం కావచ్చు. తరగతిలో 40 మంది ఏటేటా ఒకే దారిపక్క నుంచి తలా ఒకటి పెరకడం పరిశోధన కాదు, అలవాటు. రేపు రోడ్డు వెడల్పు చేయడానికి యంత్రం రాబోతున్న చోటు నుంచి ఒక దుంపను తీసి భద్రమైన చోట నాటడం వేరు. నిశ్చింతగా పూస్తున్న చోటు నుంచి తీయడం వేరు. తవ్వే ముందు వేసుకోవలసిన ప్రశ్నలు నాలుగే. ఇది ఏ మొక్క? ఏడాదిదా, ఏళ్లదా? ఈ చోట ఎన్ని ఉన్నాయి? ఆకో గింజో తీసుకుంటే సరిపోదా?

విద్యార్థులు చేయదగిన పని

1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వెలువడిన వ్యావసాయిక మాండలిక వృత్తిపదకోశం ఆంధ్రప్రదేశ్ రైతుల మాటలను భద్రపరిచింది. రాష్ట్రం వెలుపల తరతరాలుగా వ్యవసాయం చేస్తున్న తెలుగు ఊళ్లకు అటువంటి సేవ జరగవలసే ఉన్నది. హోసూరు, కోవిల్‌పట్టి, కోలారు, బళ్లారి, బరంపురం, రాయగడ, చంద్రపురం ప్రాంతాల ఇళ్లలో పెద్దలు పలికే మొక్కల పేర్లు ఆ ఊరి రాజ్యభాష పేర్లతో కలిసి, ఒక్కొక్కసారి రూపం మారి నిలిచి ఉన్నాయి. బడిలో ఒక పేరు, బజారులో మరొక పేరు, అవ్వ నోట మూడవ పేరు. అవ్వతో మూడవది పోతుంది.

ఫొటో తీస్తే శాస్త్రనామం చెప్పే సాధనాలు నేడు చేతిలోని ఫోనులో ఉన్నాయి. అవి పొరబడవచ్చు కూడా. పొరబడకపోయినా మీ ఊళ్లో దానిని ఏమంటారో అవి చెప్పవు. కనుక ఒక నోటుపుస్తకం చాలు. మొక్క బొమ్మ గాని ఫొటో గాని. ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటి ఉన్నాయా. తుంచితే పాలు వస్తాయా. ఏ నెలలో పూసింది. తెలుగు పేరు, స్థానిక భాష పేరు. పేరు చెప్పినవారి ఊరు. దానిని తింటారా, పూజకు వాడతారా, పశువులు మేస్తాయా – ఇవి రాసుకోండి. వేరును నేలలోనే ఉండనివ్వండి. దుంప ఆకారం తెలుసుకోవాలంటే తవ్వనక్కరలేదు. కలప్పగడ్డ అన్న పేరు దానిని ఎప్పుడో చెప్పేసింది.

ఇట్లా చేరిన పేర్లతో ఆముక్తమాల్యదకు, ప్రబంధాలకు, జానపద వాఙ్మయానికి కొత్త టీకలు రాయవచ్చు. ‘పుష్పవిశేషము’ అన్న చోటల్లా ఒక ఊరి పేరు, ఒక ఋతువు, ఒక ఆకు రూపం వచ్చి చేరతాయి. కరుణశ్రీ కొమ్మ దాకా తెచ్చిన కరుణను వేరు దాకా దించవలసిన పని ఈ తరానిది.